రేడియో చెప్పని ముక్క

ఆసుపత్రి ఆవరణలో రేకుల కప్పు కింద ఒక టీ కొట్టు, రెండు పొడుగు బెంచీలు. వార్డులోకి అందరినీ రానివ్వరు కాబట్టి రోగుల తాలూకు వాళ్ళంతా ఇక్కడే కూర్చుంటారు. పక్కన స్తంభానికి మైకు కట్టి ఉంది. అది గరగరమని ఏదో మంచం నంబరు పిలుస్తుంది. ఆ మంచం వాళ్ళు గ్లాసు కింద పెట్టి పరిగెడతారు. మిగతావాళ్ళు ఊపిరి వదిలి మళ్ళీ గ్లాసు అందుకుంటారు.

పన్నెండో నంబరు మంచం కుర్రాడి తండ్రి మూడు రోజులుగా ఆ బెంచీ మీద మాట్లాడుతూనే ఉన్నాడు.

ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. వీధిలో అందరూ రేడియో అనే పిలుస్తారు. రేడియోలు బాగుచేసినందుకు కొంత, ఒకసారి మొదలుపెడితే ఆపే మీట లేనందుకు కొంత. మనిషి సన్నగా ఉంటాడు. కళ్ళజోడు కాడ ఎప్పుడో విరిగితే తెల్ల ప్లాస్టరు చుట్టుకున్నాడు. కరెంటు తీగలకి చుట్టే నల్ల టేపు తన పాత కొట్లో ఎక్కడో ఉంటుంది, వెతకడు. ఇంట్లో ఇస్త్రీపెట్టె తీగకీ, గోడ గడియారానికీ, గొడుగు కామకీ అన్నిటికీ ఆ తెల్ల ప్లాస్టరే.

"మావాడి సంగతి మీకు తెలీదు," అంటున్నాడు. "నాలుగేళ్ళప్పుడు నా బల్ల మీది రేడియో విప్పేశాడు. మరలన్నీ నేల మీద. నేను ఒక్కటి అంటిద్దామని చెయ్యెత్తాను. వాడు తల కూడా ఎత్తకుండా, ‘ఉండు నాన్నా, వార్తల టైముకి బిగించేస్తాలే’ అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వార్తలు మొదలయ్యేసరికి బిగించేశాడు. అంతకుముందు ఒక్క స్టేషను పలికేది. ఆ రోజు నుంచి పదకొండు."

"నాలుగేళ్ళకా?" అన్నాడు బస్సు డ్రైవరు. ఆయన బావమరిది కాలు విరిగి పై అంతస్తులో ఉన్నాడు.

"నాలుగు నిండలేదు కూడా."

ఆరేళ్ళు, అనుకుంది తల్లి. బిగించింది వాడు కాదు. రెండు రోజులు కూర్చుని ఈయన బిగించాడు. బిగించి, కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ వాడే బిగించాడని చెప్పాడు. అప్పుడు అది ఆవిడకి ముచ్చటగానే ఉండేది.

బెంచీ చివర కూర్చుని ఉంది ఆవిడ. ఒళ్ళో చేతిసంచి, దాని మీద రెండు చేతులు. ఎడమ చూపుడు వేలికి పై కణుపు లేదు. డబ్బా మూతలు కొట్టే ప్రెస్సులో పనిచేస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట ఆ ప్రెస్సే తీసుకుంది ఆ ముక్క.

ఆవిడ పక్కన కొడుకుతో కలిసి చదివే పిల్ల కూర్చుంది. ఇద్దరిదీ ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం. యంత్రం పని వాడిది, కరెంటు పని ఈ పిల్లది. ఇంటి ముందు గదిలో ఇద్దరూ కలిసి ఒక ఇనప చెయ్యి తయారుచేశారు. మూతల ప్రెస్సులోకి రేకులు అందించే చెయ్యి, మనిషి చెయ్యి అందులోకి పోనక్కర్లేకుండా. కంపెనీ పెట్టి అమ్ముదామని దానికో పేరు కూడా రిజిస్టరు చేయించారు. మొదటిది అమ్మ పనిచేసే చోటే బిగిస్తామన్నాడు కొడుకు.

మూడు రోజుల కిందట ఆ ఇనప చెయ్యి వాడి కుడి చేతి మీద దిగింది. రెండు వేళ్ళు అప్పుడే పోయాయి. మూడోది ఉంచాలో తీసెయ్యాలో ఇవాళ కట్టు విప్పి చూసి చెప్తామన్నారు.

ఆ యంత్రానికి జాలీ తలుపు ఉంది. తలుపు తీస్తే వెనక మీట వదులై యంత్రం ఆగిపోవాలి. ఆ పొద్దున లోపల రేకు ఇరుక్కుంటే వాడు తలుపు తీసి చెయ్యి పెట్టాడు. యంత్రం ఆగలేదు. కాలేజీ నుంచి వర్క్‌షాపు లెక్చరరు వచ్చి చూశాడు. మీటకి వెళ్ళాల్సిన రెండు తీగలూ మీటని వదిలి ఒకదానికొకటి మెలేసుకుని ఉన్నాయి. తలుపు తీసినా వేసినా యంత్రానికి ఒకటే. వైరింగు ఎవరిదని అడిగాడు. పిల్ల తనదే అంది.

ఇవాళ నాలుగింటికి ఆయన కాగితం తెస్తాడు. జరిగింది అందులో రాసి పిల్ల సంతకం, కుర్రాడి తండ్రి సంతకం తీసుకుంటాడు. ఆ కాగితం వెళ్ళాక పిల్లకి కాలేజీలో చోటు ఉండదు.

"నేనే కలిపి ఉంటాను ఆంటీ," అని పొద్దుటి నుంచి రెండుసార్లు అంది పిల్ల. "టెస్టింగ్‌కి కలిపి మర్చిపోయి ఉంటాను. నాలుగు రోజులు సరిగ్గా నిద్రలేదు కదా. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

తల్లి సంచి గట్టిగా పట్టుకుంది.

"ఇంజనీరింగులో చేరిన ఏడాదే పోటీకి పంపారు," అంటున్నాడు రేడియో. "నేల మీద నల్ల గీత గీస్తే దాని వెంట దానంతటదే నడిచే బండి చెయ్యాలి. అందరి బండ్లూ గీత చివర ఆగాయి. మావాడిది ఆగుతుందా? హాలు గుమ్మం దాటింది. మెట్లు దిగింది. బయట రోడ్డు మధ్యలో తెల్ల గీత కనపడింది దానికి. ఇంకేముంది, పట్టుకుంది ఆ గీతని. నేనూ వాడూ స్కూటరు మీద వెనకాలే. అది ఆగదే. పక్క ఊరు దాటింది, ఆ పక్క ఊరూ దాటింది, లారీలు పక్కకి తప్పుకుంటున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోలీసులు ఆపారు. లైసెన్సు చూపించమన్నారు."

"బండినా?"

"బండినే. మరి డ్రైవరు లేడుగా, ఇంకెవర్ని అడుగుతారు?"

"నన్ను అడగడం మానేసి పదేళ్ళయింది," అన్నాడు డ్రైవరు. "మీ బండి ఏం చేసింది?"

"వెనక్కి తిరిగి వచ్చేసింది. అదే గీత మీద, ఎడమ పక్కన. రూలు తప్పలేదు."

బెంచీ మీద ఒకరిద్దరు నవ్వారు. అబద్ధమని అందరికీ తెలుసు. అయినా ఆయన ఆపితే మైకు గరగర ఒక్కటే మిగులుతుంది. అందుకని వింటారు.

ఆ పోటీలో నాలుగు జట్లు. బండి బల్ల కాలికి గుద్దుకుంది. మూడో బహుమతి వచ్చింది. ఇంటికి వచ్చి వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తల్లికి ఆ వీపు గుర్తుంది.

"టంకం పని చూడాలి వాడిది," రేడియో ముందుకు జరిగాడు. "వెంట్రుకంత తీగ అంటారే, మావాడికి వెంట్రుక అంటే మోకు. దాన్ని నిలువునా చీల్చి అందులో ఒక పాయ తీసుకుంటాడు. ఒకరోజు బల్ల మీద చీమ కుంటుతోంది. కాలు విరిగింది పాపం. వాడు భూతద్దం పెట్టుకున్నాడు, టంకం కడ్డీ వేడి చేశాడు, ఇంత, కనీకనపడనంత చుక్క వేసి కాలు అతికించేశాడు."

"దానికి నొప్పి పుట్టలేదా నాయనా?" అంది ఎదురు బెంచీ మీది పెద్దావిడ. ఆవిడ కోడలికి మరిగే నీళ్ళు పడి ఒళ్ళు కాలింది.

"మత్తిచ్చాడమ్మా."

పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఇంకేదో తెలీలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాటికి బల్ల నిండా చీమలు. బారులు తీరి నిలబడ్డాయి. ఒకదానికి మీసం వంకర, ఒకదానికి నడుం పట్టేసింది..."

మైకు గరగరమంది. బెంచీ మీద అందరి మెడలూ ఒక్కసారి బిగుసుకున్నాయి. పంతొమ్మిదో నంబరు. మూలన కూర్చున్న ఒకావిడ చెప్పులు వదిలేసి పరిగెత్తింది.

టీ కొట్టామె ఆ చెప్పులు రెండూ దగ్గరికి జరిపి పెట్టింది.

ముందుగా తేరుకున్నది రేడియోనే. గొంతు పెంచాడు.

తల్లి సంచిలో ఒక ముక్క ఉంది. ఆ పొద్దున కొడుకుని ఆసుపత్రిలో చేర్చాక బట్టలు తెద్దామని ఇంటికి వెనక్కి వచ్చింది. ముందు గదిలో యంత్రం, కింద రక్తం. గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ తలుపు వెనక మీట దగ్గరికి వచ్చేసరికి, మెలేసిన తీగల మీద తెల్ల ప్లాస్టరు చుట్ట కనపడింది. చివర లోపలికి మడిచి వేలితో నొక్కి ఉంది. ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది ఆవిడ ఆ మడతని.

ముందు రోజు సాయంత్రం, మర్నాటి పనికని, ఆ ప్లాస్టరు కోసమే ఇల్లంతా వెతికింది. రేకు అంచు తగలకుండా పనికి వెళ్ళేముందు కురచ వేలికి అది చుట్టుకుంటుంది. కనపడలేదు. ఏమండీ అని అడిగితే, ఇక్కడే ఎక్కడో పెట్టానే అన్నాడు.

తీగలు అలా వదిలేసి, ప్లాస్టరు మాత్రం ఊడదీసి సంచిలో వేసుకుంది. ఎందుకు తీసిందో ఆవిడకే తెలీదు. చేతులు వాటంతటవే తీసేశాయి. సాయంత్రం లెక్చరరు వచ్చేసరికి అక్కడ ఉత్త తీగలే ఉన్నాయి. ఉత్త తీగలు ఎవరైనా కలిపి ఉండొచ్చు.

"కంపెనీ పేరు రిజిస్టరు అయ్యిందో లేదో," అంటున్నాడు రేడియో, "మా వీధి చివర నుంచి వంతెన దాకా కార్లు. ఫ్యాక్టరీల వాళ్ళు. నాకు ముందు కావాలంటే నాకు ముందు కావాలని. ఒకాయన యంత్రం కొనడానికి ఫ్యాక్టరీ అమ్ముకుని వచ్చాడు. కొన్నాక తలపట్టుకు కూర్చున్నాడు, దీన్ని ఎక్కడ పెట్టుకోనూ అని."

"ఆ యంత్రం చేసేదేంటి అసలు?" అన్నాడు డ్రైవరు.

"మూతలు. డబ్బా మూతలు. మామూలు ప్రెస్సు మీద మా ఆవిడ రోజంతా కొడితే రెండు వేలు కొడుతుంది. మావాడి చెయ్యి పెడితే? కాఫీ కలుపుకుని వచ్చేలోపు గది నిండింది. తలుపు తీస్తే వీధిలో పడ్డాయి. ఊళ్ళో ఉన్న డబ్బాలన్నిటికీ మూతలు పెట్టేశారు. ఇంకా వస్తున్నాయి. గిన్నెలకి పెట్టారు, బిందెలకి పెట్టారు, బావులకి పెట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి, బాబూ, చెరువు కొలత ఇస్తాం, దానికీ ఒక మూత కొట్టిపెట్టు అని బతిమాలుకున్నారు."

"మీ నోటికి కొట్టించలేకపోయారా ఒకటి," అన్నాడు డ్రైవరు. ఈసారి టీ కొట్టామె కూడా నవ్వింది. రేడియో అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వు ఆగినచోట ఆయన గొంతు సన్నగా వణికింది. తల్లి ఒక్కతే విన్నది.

నిజంగా వస్తానన్న కారు ఒక్కటే. అదీ వచ్చే వారం వస్తానని ఫోనులో చెప్పింది, ఇంకా రాలేదు. ఇక రాదు.

నాలుగు కొట్టకముందే లెక్చరరు వచ్చాడు. చంకలో అట్ట ఫైలు, జేబులో పెన్ను. కథ నడుస్తోందని చూసి, అడ్డు రాకుండా డ్రైవరు పక్కన అంచు మీద కూర్చున్నాడు. పిల్ల లేచి నిలబడింది. ఆయన కూర్చోమని సైగ చేశాడు.

రేడియో చూశాడు ఆయన్ని. చూసి ఆపుతాడనుకుంది తల్లి. ఆపలేదు.

"అంత వేగం ఉన్నా, మనిషికి ప్రమాదం ఉందా అంటే లేదు. అదీ మావాడి తెలివి. దానికి జాలీ తలుపు పెట్టాడు. తలుపు వేలెడు తెరిస్తే చాలు, యంత్రం ఊపిరి బిగబట్టేస్తుంది. ఏనుగుని తెచ్చి తోసినా కదలదు. దోమ వెళ్ళి తలుపు మీద వాలిందనుకోండి, ఆగి, అది లేచిందాకా చూసి, అప్పుడు మళ్ళీ మొదలెడుతుంది. మనసులో తలుపు తీద్దామని అనుకుంటే చాలు..."

"మరి ఆ రోజు ఎందుకు ఆగలేదండీ?" అన్నాడు డ్రైవరు.

ఎత్తిపొడుపు కాదది. మామూలుగానే అడిగాడు. అడిగాక ఎందుకు అడిగానా అన్నట్టు గ్లాసులోకి చూసుకున్నాడు.

రేడియో నోరు తెరుచుకునే ఉంది. అప్పుడు ఆయన కళ్ళు పిల్ల వైపు తిరిగాయి.

"అదే చెప్తున్నా," అన్నాడు. "చిన్నపిల్లలు. నిద్రలు లేవు. ఎక్కడో తీగ... తొందర్లో... పిల్ల మంచిదే. తిట్టేదేమీ లేదు. పొరపాటు ఎవరికైనా..."

లెక్చరరు ఫైలు విప్పాడు. "నేనూ అంతే రాశాను," అన్నాడు మెల్లగా. "చదువుకుని సంతకం పెట్టమ్మా."

పిల్ల చదవలేదు. పెన్ను కోసం చెయ్యి చాపింది. వేళ్ళ చివర్ల మీద టంకం కాల్చిన చిన్న చిన్న మచ్చలు. కొడుకు వేళ్ళ మీదా అలాంటివే ఉండేవి.

తల్లి సంచి తెరిచింది.

ఆ ముక్క తీసి బెంచీ మీద, ఫైలు పక్కన పెట్టింది. తీగల మెలిక దాని లోపల అచ్చు పడి ఉంది. అంచున గోధుమరంగు మరక. చివర లోపలికి మడిచి ఉంది.

"ఏమండీ," అంది. "నా ప్లాస్టరు దొరికింది."

ఆయన చూశాడు.

"ఎక్కడ దొరికిందో మీరే చెప్పండి."

డ్రైవరు ఆ ముక్క వైపు చూశాడు. తర్వాత రేడియో కళ్ళజోడు కాడ వైపు చూశాడు. లెక్చరరు కూడా అలాగే చూశాడు, ముందు అది, తర్వాత ఇది. పెద్దావిడ కొంగు నోటి మీద నుంచి తీయలేదు.

రేడియో చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. తెల్ల చుట్టని వేళ్ళతో మూశాడు. మూసి ప్రయోజనం లేదని తెలిసినట్టు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది లేకపోతే ఆయనకి ఎదుటి మనుషులు కనపడరు.

"ఏం జరిగిందండీ?" అన్నాడు లెక్చరరు.

"నలుగురిని పిలిచాను," అన్నాడు రేడియో. "వీధిలో వాళ్ళని. పిల్లలు కాలేజీకి వెళ్ళారు. యంత్రం చూపిద్దామని."

"చెప్పండి."

"తలుపు అదిరినప్పుడల్లా ఆగిపోతోంది. ఇది పనిచేసేది తక్కువ, అలిగేది ఎక్కువ అన్నారు. నవ్వారు."

"అప్పుడు?"

"తీగలు కలిపాను."

లెక్చరరు పెన్ను పిల్ల వేళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసుకున్నాడు. "పిల్లలకి చెప్పలేదా?"

"పొద్దున చెబుదామనుకున్నాను. విప్పేద్దామనే అనుకున్నాను. పొద్దున ఎవరో వస్తే మాటల్లో పడ్డాను."

"ఆ తర్వాత ఏమైంది?"

మూడు రోజులుగా ఆ బెంచీ మీద అందరినీ ఆయన అడుగుతున్న ప్రశ్న అది. ఇప్పుడు ఆయన్ని అడిగారు.

"తర్వాత ఏమీ లేదు," అన్నాడు రేడియో. "వాడు తలుపు తీశాడు. ఆగుతుందనుకున్నాడు."

పిల్ల తల్లి వైపు తిరిగింది.

"మీకు తెలుసా ఆంటీ?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజు నుంచే. తీగల మీద నుంచి దీన్ని తీసేసింది నేనే." తర్వాత లెక్చరరుతో అంది. "అది కూడా రాయండి సార్."

పిల్ల ఏడవలేదు. కొంచెం పక్కకి జరిగి కూర్చుంది. ఇద్దరి మధ్య జానెడు బెంచీ ఖాళీగా కనపడింది. తల్లి ఆ ఖాళీ వైపు చూసి, తల తిప్పుకుంది. జరగమని అడిగే హక్కు తనకి లేదు.

మైకు గరగరమంది. పన్నెండో నంబరు మంచం తాలూకు వాళ్ళు.

తల్లి లేచింది. డ్రైవరు లేచి దారి ఇచ్చాడు. "వెళ్ళండమ్మా, ఆయన్ని మేం చూసుకుంటాం," అన్నాడు. నాలుగడుగులు వేశాక ఆవిడ ఆగింది. వెనక చెప్పుల చప్పుడు. పిల్ల వస్తోంది. పక్కకి రాలేదు, అంత దూరంలోనే వస్తోంది. వస్తోంది అంతే.

ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. గుమ్మం దగ్గర తల్లి పక్కకి తప్పుకుంది. "ముందు నువ్వు వెళ్ళు," అంది. "వాడు మొదటి రోజు నుంచీ నిన్నే అడుగుతున్నాడు. నేను చెప్పలేదు."

పిల్ల లోపలికి వెళ్ళింది.

తల్లి గోడకి ఆనుకుని నిలబడింది. అక్కడి నుంచి టీ కొట్టు కనపడుతుంది. లెక్చరరు ఒంగి రాస్తున్నాడు. కళ్ళజోడు లేని ఆయన ముఖం ఎవరిదోలా ఉంది. గాలి ఇటే వీస్తోంది, మాట వినపడింది.

"నలుగురిని కాదు సార్," అంటున్నాడు. "ముగ్గురినే పిలిచాను. ముగ్గురని రాయండి."